ఏడుపుకి రెండో టేకు

మా బావ టీవీ సీరియళ్ళలో విలన్లకు గొంతిస్తాడు. తెర మీద మీసం మెలేసేది ఎవరైనా మాట మాత్రం మా బావది. ఆ విలన్ల పెళ్ళాలకు అదే డబ్బింగ్ గదిలో, అదే మైకు ముందు గొంతిచ్చేదాన్ని నేను. స్టూడియోలో ఆయనంటే అందరికీ ప్రాణం. టీ వస్తే "ముందు మీరు తీసుకోండమ్మా" అంటాడు. ఇంట్లో మాత్రం మా అక్కను స్నానాల గదిలోకి తోసి బయట గొళ్ళెం పెట్టేవాడు. కూరలో ఉప్పు తక్కువైందనో, ఫోన్ ఆలస్యంగా ఎత్తిందనో. గొళ్ళెం తీశాక తనే ఏడ్చేవాడు. ఛీ!

చివరిసారి గొళ్ళెం తీయగానే అక్క ఆ ఏడుపు వినకుండా చెప్పులేసుకుని సరాసరి నా దగ్గరికి వచ్చేసింది.

ఆ రోజుల్లోనే మా సీరియల్ రచయితకు ఓ బుద్ధి పుట్టింది. విలన్ ఊరికే చెడ్డవాడైతే జనానికి మొహం మొత్తిందట, చెడ్డతనానికి ఓ కారణం కావాలట. "మనిషన్నాక ఒక గతం ఉంటుంది కదమ్మా" అన్నాడు నాతో, తనేదో కొత్తగా కనిపెట్టినట్టు. గతం కోసం ఆయన ఎక్కడికీ పోలేదు. టీ తాగుతూ బావ వెళ్ళబోసుకున్న గోడునే రాసేశాడు. తండ్రి బెల్టుతో బాది, సామాన్ల గదిలో పడేసి తాళం వేయడం. అది కట్టుకథ కాదు. బావ వీపు మీద ఆ వాతలు ఇంకా ఉన్నాయి.

"నన్నెవరూ ప్రేమగా చూడలేదే. మా నాన్న తాళం వేసి పోతే, ఆ చీకట్లో నా పేరు నేనే పిలుచుకునేవాణ్ణి."

బావ మైకు ముందు ఆ మాట చెబుతుంటే అద్దం అవతల సౌండ్ ఇంజినీరు కళ్ళు తుడుచుకున్నాడు. నాకూ నీళ్ళొచ్చాయి, దిక్కుమాలిన కళ్ళు! మధ్యలో బావ నాలుక తడబడింది. డబ్బింగ్‌లో తప్పు పోతే మాటను మొదటి నుంచి అందుకోవాలి, అదే ఊపిరితో, అదే ఏడుపుతో. లేకపోతే అతుకు తెలిసిపోతుంది. బావ అందుకున్నాడు. అతుకు తెలియలేదు.

ఎపిసోడ్ వచ్చిన మర్నాడు కింద వాటా పిన్నిగారు మెట్ల మీదే నన్ను పట్టుకుంది.

"పాపం, ఆ విలన్ మాత్రం ఏం చేస్తాడే? ప్రేమంటే తెలిస్తే కదా!"

"మరి వాడు గదిలో పెట్టి తాళం వేసిన పెళ్ళాం సంగతేంటి పిన్నిగారూ?"

"అది సరేలే. అయినా పాపం..."

ఒక్క కారణం దొరికితే చాలు, గదిలో ఉన్నదాన్ని అందరూ మర్చిపోతారు. ఆ 'పాపం' కన్నా అక్కను చూస్తే ఎక్కువ భయమేసింది. ఎపిసోడ్ చూడగానే బట్టలన్నీ సంచిలో సర్దేసింది.

"మళ్ళీ అక్కడికి పోతావా? ఈసారి అసలు గొళ్ళెం తీయకపోతే?" అని అరిచాను. అక్క సంచి మూతి కట్టేసింది.

ఆదివారం బావ వచ్చాడు. అక్క సంచి చేత్తో పట్టుకునే వెళ్ళి, గొలుసు తీయకుండా తలుపు ఓరగా తెరిచింది.

"నన్నెవరూ ప్రేమగా చూడలేదే. మా నాన్న తాళం వేసి పోతే, ఆ చీకట్లో..."

దగ్గు అడ్డం వచ్చింది. తల పక్కకి తిప్పి గొంతు సవరించుకున్నాడు. ఓ ఊపిరి తీసుకుని, "నన్నెవరూ ప్రేమగా చూడలేదే" అని మొదటి నుంచి అందుకున్నాడు. అదే వణుకు. వెక్కడం కూడా అదే చోట.

తనేం చేశాడో ఆయనకు తెలియను కూడా తెలియలేదు.

"ఛీ, సిగ్గులేదూ! అంతా నటనే, చూశావా అక్కా?"

"నటన కాదే" అంది అక్క. "ఆ వాతలు నేను చూశాను. అందుకే ఇన్నాళ్ళూ పడ్డాను."

బావ మొహం వెలిగిపోయింది. సందులోంచి చెయ్యి పెట్టి గొలుసు తీయబోయాడు.

అక్క సంచి కింద పెట్టి, ఆ చేతిని మెల్లగా బయటికి నెట్టింది.

"లోపల ఉంటే ఎలా ఉంటుందో మీకు తెలుసు. నాకన్నా ముందే తెలుసు. తెలిసే పెట్టారు గొళ్ళెం."

తలుపు మూసి, గడియ తనే వేసుకుంది.