డీజిల్ లేని పొగ బండి

మా పక్కింటి అత్తమ్మ పోయిన ఆదివారం పొద్దున్నే చనిపోయింది. బంధుత్వం లేదు, ఊరికే పిలుపు. బెంగళూరు అంచున ఉన్న మా చిన్న పురసభలో మా వార్డు మెంబరు ఆమె. నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే నాకు కోపమే ముందు వస్తోంది.

పోయిన వానాకాలం చికున్‌గున్యా వచ్చి మా వీధిలో తిన్నగా నడిచే మనిషి లేకపోయాడు. దోమలకు పొగ పెట్టే బండిని పురసభ అప్పటికే కొన్నది. అది షెడ్డు దాటి రాలేదు. కొత్త బడ్జెట్ అంటూ ముందటేడుదాన్నే అంకెలు మార్చి మళ్ళీ రాసుకున్నారు. కొత్త బండిని అందులో చేర్చారు, దానికి డీజిల్‌ను చేర్చలేదు. మార్చి సమావేశంలోనే అత్తమ్మ లేచి అడిగిందట. మిగతా మెంబర్లు బల్లలు చరిచి పాస్ చేసి టిఫిన్‌కు వెళ్ళిపోయారు.

జనం మంచాన పడ్డాక మళ్ళీ అడిగింది. ఆరోజు ఆమెకూ జ్వరం, నేనే చెయ్యి పట్టుకుని పురసభ ఆఫీసుకు తీసుకెళ్ళాను. అధికారి మన భాషవాడే.

"బండి పద్దులో డీజిల్ రాదమ్మా. సవరణ బడ్జెట్ దాకా ఆగాల."

"ఆగమని దోమలకు చెప్పినారా స్వామీ?"

ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అత్తమ్మ ఎండకూ వానకూ గొడుగు పట్టుకునే వీధి తిరిగేది. దాని కొనతో టెంకాయ చిప్పలు బోర్లించేది. నీళ్ళు నిల్వ పెట్టొద్దని పురసభ ఆటోలో మైకు పెట్టి అరిచేది. వారానికోసారి నీళ్ళు వదిలేదీ ఆ పురసభే! డ్రమ్ము ఖాళీ చేయనని మా ఆవిడ మొండికేస్తే, అత్తమ్మ తన పాత చీర చించి డ్రమ్ము మూతికి బిగించి కట్టింది.

"సుమ్నే, ఊరికే తిట్టుకుంటా కూర్చుంటే ఏమొస్తాదప్పా? మన చేతిలో ఉండేది మనం చేస్తాం. వాళ్ళ చేతిలో ఉండేది అడుగుతానే ఉంటాం" అనేది.

దసరాకు ఆయుధ పూజ వచ్చింది. షెడ్డులో బండికి పసుపు కుంకుమ పెట్టి, చేమంతి దండ వేసి, బూడిద గుమ్మడికాయ కొట్టారు. మెంబరు గనుక ఆమెనూ పిలిచారు. ముడుచుకుపోయిన వేళ్ళతోనే హారతి కళ్ళకద్దుకుంది.

"దండ బాగుండాది. డీజిల్ ఎప్పుడు పోస్తారప్పా?"

బదులు చెప్పవలసిన వాళ్ళంతా బొరుగులు నములుతున్నారు.

జ్వరం తగ్గింది గానీ ఆమె మళ్ళీ తేరుకోలేదు. సవరణ బడ్జెట్ కూడా రాలేదు. మంచం మీద నుంచే, చూడవచ్చిన ప్రతివాణ్ణీ డీజిల్ సంగతి అడిగేది.

ఆదివారం మధ్యాహ్నం దండలు వేయడానికి పెద్దలు వస్తున్నారన్నారు. వాళ్ళను దోమలు కుట్టకూడదు కదా, వాళ్ళకంటే ముందు మా వీధిలోకి పొగ బండి వచ్చింది. డీజిల్ ఏ పద్దులోంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు. తెల్లటి పొగ వాకిట్లో పడుకోబెట్టిన అత్తమ్మను కప్పేసింది. ఆమె కనబడక మేమంతా దగ్గుతూ నిలబడ్డాం. పొగ విడిపోయేసరికి బండి వీధి చివర మలుపు తిరుగుతోంది, దసరానాటి చేమంతి దండ ఎండిపోయి దానికింకా వేలాడుతూనే ఉంది.