పుప్పొడి అంటిన పుస్తకం

మొన్న ఏడో తరగతి పిల్లలు కథల పుస్తకాల మీద రాసిన అభిప్రాయాలు దిద్దుతుంటే, ఒక పేజీ మూలన పసుపుపచ్చని వేలిముద్ర కనిపించింది. గోటితో గీస్తే పొడి రాలింది. పత్తిపువ్వు పుప్పొడి. సుగుణ మేడం గుర్తొచ్చారు.

మానవపాడు దగ్గర మా నాయిన విత్తనపత్తి వేసేవాడు. ఆ పంటకు చిన్న వేళ్లు కావాలి. సాయంత్రం ఆడమొక్కల మొగ్గల పైరేకులు గిల్లి లోపలి కాడ మిగల్చాలి, పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలి. ఆ పని నడిచే మూడు నెలలూ నాలాంటి ఆడపిల్లల పేర్లు హాజరుపట్టీలో ఉండేవి, మేము చేలో ఉండేవాళ్లం. నా ఏడో తరగతిలో, పంట అయ్యాక కూడా ఇక బడి వద్దనే మాట ఎత్తాడు నాయిన.

మా తెలుగు టీచరు సుగుణ మేడం చూడటానికి బక్కపలచన, పట్టు మాత్రం ఉడుంపట్టు. సంగతి తెలిసి ఓ ఆదివారం ఇంటికొచ్చి నా చేతిలో పిల్లల నవల ఒకటి పెట్టారు. చిన్నప్పటి నుంచీ తనకు ప్రాణమట. చదివి, ఎట్లా ఉందో రాసి, ఆ పై వారం సోమవారం బడికి తెచ్చివ్వమన్నారు. పుస్తకం వంకతో నన్ను లాగుతున్నారని నాకూ తెలుసు, నాయినకూ తెలుసు.

కథలో ఒక పిల్ల చిటికెన వేలంతై పువ్వులో దూరి నిద్రపోతుంది. పువ్వు పడవై ఆకాశంలో పోతుంది. తుమ్మెద కండక్టరై మబ్బులకు టికెట్లు కొడుతుంది. గట్టు మీద బువ్వ తింటూ చదివి పడీపడీ నవ్వాను. సాయంత్రం మొగ్గ గిల్లబోతూ లోపల ఆ పిల్ల పడుకుని ఉందేమోనని తొంగి చూశాను. ఆ వెంటనే కోపమొచ్చింది. ఆ పిల్లకు నడుము నొయ్యదు, గోరు నల్లబడదు, పొద్దున్నే ఎవరూ లెమ్మనరు. "సగం చాలా బాగుంది. సగం అబద్ధం. ఈ పిల్ల ఒక్క మొగ్గ కూడా గిల్లలేదు" అని రాశాను. రాశాక భయం పట్టుకుంది. నా కోసం ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన ఒకే ఒక్క మనిషికి ప్రాణమైనదాన్ని అబద్ధమన్నాను. పైగా పేజీపేజీకీ నా పుప్పొడి వేళ్లు. ఏ ముఖం పెట్టుకుని వెళ్లను? సోమవారం వెళ్లలేదు. మంగళవారమూ వెళ్లలేదు.

బుధవారం పొద్దున మేడమే చేలోకి వచ్చారు. గట్టు మీదున్న పుస్తకం తీసి, అందులోని నా కాగితం చదువుతున్నంతసేపూ ఆమె చెప్పుల వైపే చూస్తూ నిలబడ్డాను. చదివి మడిచి, పని చూపించమన్నారు. చూపించినట్టే రుద్దబోయి నాలుగు మొగ్గలు విరిచారు. నాయిన పళ్లు కొరికాడు కానీ మర్యాదకు ఊరుకున్నాడు.

"ఇన్నేండ్లూ ఈ పుస్తకం నాకు మొత్తం నచ్చింది జయమ్మా. ఇప్పుడు సగమే నచ్చుతుంది," అన్నారు మేడం. నాకు ఏడుపొచ్చింది. ఆమె నాయిన వైపు తిరిగారు. "వెంకటన్నా, నేను ఇన్నేండ్లు చదివి చూడంది నీ బిడ్డ వారం దినాల్ల చూసింది. గిసొంటి పిల్లను చేన్ల ఉంచుకుంటవా?"

నాయిన చేతుల పుప్పొడి దులుపుకున్నాడు.

"పంట అయినంక పంపిస్త మేడం," అన్నాడు. పంపించాడు కూడా. అప్పటికి ఆ ఏడాది పాఠాలు సగం అయిపోయాయి. మిగిలిన సగంతోనే గట్టెక్కాను.

ఇప్పుడు నేనూ తెలుగు టీచర్నే. పుస్తకం బాగుందన్న పిల్లను వెంటనే మెచ్చుకోను. ఇంకేదో చెప్పకుండా మింగిందేమోనని కాసేపు ఆగుతాను. పసుపు వేలిముద్ర ఉన్న ఆ పేజీలో 'చాలా బాగుంది' అని ఒక్క ముక్కే ఉంది. ఆ పిల్ల మూడు రోజులుగా బడికి రాలేదు. రేపు పొద్దున వాళ్ల చేను ఎక్కడో కనుక్కోవాలి.