నీటికాకి పుస్తకం మీద బొట్టు

ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత కోపమో, పుస్తకాల మీద అంత మోజు. మేడ్చల్‌లో ఓ జూనియర్ కాలేజీలో కొత్తగా లెక్చరర్‌గా చేరాను. జనం గ్రంథాలను పట్టుబట్టలో చుట్టి, ఒక్క పేజీ చదవకుండా దండాలు పెట్టడమేమిటని నిప్పులు చెరుగుతూ వ్యాసం రాశాను. ఆ చేత్తోనే, సీసపు అక్షరాలు పేర్చి అచ్చేసిన పుస్తకాలను మల్లుగుడ్డలో చుట్టి బీరువాలో దాచేవాణ్ణి. (సబ్బుతో చేతులు కడుక్కోకుండా వాటిని ముట్టేవాణ్ణి కాదు. అది భక్తి కాదు, శ్రద్ధ అని నా వాదన.)

గుండ్లపోచంపల్లిలో కాలితో తొక్కే మెషిను మీద పెళ్లిపత్రికలు వేసే చాచా, మనసు పుట్టినప్పుడు ఓ పుస్తకం వేసేవాడు. యాభై కాపీలే. షామీర్‌పేట చెరువు పిట్టల మీద ఓ రిటైర్డ్ టీచరు రాసిన పుస్తకం అలా వచ్చింది. చేత్తో చేసిన కాగితం, వేలితో తడిమితే తగిలే అక్షరాలు, చివర పెన్సిల్‌తో నా కాపీ అంకె: పదిహేడు. పేజీల అంచులు ఇంకా అతుక్కునే ఉన్నాయి; చదవాలంటే కత్తితో కోసుకోవాలి. కోస్తే అందం పోతుందని నేను కోయలేదు.

ఓ శుక్రవారం కాలేజీ నుంచి వచ్చేసరికి దాని అట్ట మీద పసుపు, మధ్యలో ఎర్రగా కుంకుమ. పక్కనే పసుపు చేతులతో మా అవ్వ.

"ఏంది అవ్వా గీ పని?" అన్నాను.

"చేతులు గడుక్కోని ముట్టుకుంటివి, గుడ్డల సుట్టితివి, ఒక్కనాడన్న ఇప్పి సదవకపోతివి. దేవుని పుస్తకమనుకున్న బిడ్డా. బొట్టు వెట్టిన."

నా వ్యాసమంతా అవ్వ రెండు ముక్కల్లో చెప్పేసింది. అయినా బుద్ధి రాలేదు. మచ్చలేని కాపీ కోసం చాచా దగ్గరికి పరుగెత్తాను. ఆయన దగ్గర ఒక్కటే మిగిలి ఉంది. బొట్టు చూసి చాలాసేపు నవ్వాడు.

"ఇస్త బేటా. మొదటి పేజీల ఏ పిట్ట ఉన్నదో చెప్పి తీస్కపో."

నేను అట్ట వైపు చూశాను. అట్ట మీద పిట్ట లేదు.

"తిరగబడ్డ సీసపు అక్షరాలు పేర్చుకుంట నేను మొత్తం ఉల్టా సదివిన," అన్నాడు సిరా చేతులు తుడుచుకుంటూ. "సీదా సదివెటోడు ఒక్కడన్న వచ్చి చెప్పాలె గదా. సదివి రా. గప్పటిదాంక గిది పక్కకు వెడ్త."

ఆదివారం వెళ్దామనుకున్నాను. పరీక్షలు, సభలు, వాదనలు. నాలుగు నెలలకు వెళ్తే అక్కడ ఫ్లెక్సీల దుకాణం ఉంది. మెషిను తుక్కుకు పోయిందట, చాచా బీదర్‌లో కూతురింటికి వెళ్లిపోయాడట. ఇంటికొచ్చి, కూరగాయల కత్తితో పదిహేడో కాపీ పేజీలు వంకరటింకరగా కోశాను.

ఇప్పటికీ ఆ దుకాణం ముందు నా బైక్ నెమ్మదిస్తుంది. మొదటి పేజీలో నీటికాకి ఉంది చాచా, రెక్కలు ఆరేసుకుంటోంది, అని లోలోపలే చెప్పుకుంటాను. తోటి హేతువాదులు పుస్తకం చూసి, ముందు ఆ బొట్టు తుడిచేయమంటారు. సరేనని, తుడవకుండానే మళ్లీ మల్లుగుడ్డలో చుట్టి పెడతాను. (చేతులు కడుక్కునే. అది శ్రద్ధ అని ఇప్పుడు ఎవరితోనూ వాదించను.)