ఫిట్టర్ సారు అరచేయి

మా ఐటీఐలో ఫిట్టర్ పని నేర్పే సారు, పాత విద్యార్థులు ఎదురైతే ఉద్యోగం వచ్చిందా అని అడగడు. చేయి పట్టుకుని అరచేతిని బొటనవేలితో తడిమి చూస్తాడు. రోజూ ఆకురాయి పట్టే చేతికి కాయలు కాస్తాయి. కాయ తగిలితే నవ్వి వదిలేస్తాడు.

మేము చదివేటప్పుడు ఇనుప ముక్కను ఆకురాయితో రుద్ది, మూలమట్టం ఆనించి, కిటికీకి ఎదురుగా ఎత్తి చూపించేవాళ్లం. రెంటి మధ్య సందులో వెలుతురు కనిపిస్తే చాలు, "ఇంగా రుద్దప్పా" అని వెనక్కి పంపేవాడు. అట్లా కాసిన కాయలు నా చేతులకు చాలాకాలం ఉన్నాయి.

మొన్న రాయదుర్గం బస్సులో ఆయన నా పక్కనే కూర్చున్నాడు. నేను సోలార్ ప్లాంటు గేటు దగ్గర వాచ్‌మన్‌ని. యూనిఫాం సంచిలో ఉంది కదా అని, ఆయన అడగకముందే అబద్ధం చెప్పాను.

"బెంగుళూరులో ఫిట్టర్‌గా చేస్తాండా సార్."

ఆయన నా చేయి అందుకున్నాడు. బొటనవేలు మెల్లగా అరచేయంతా తిరిగింది.

"మంచిదప్పా" అన్నాడు. నవ్వలేదు, చేయి వదల్లేదు.

అంతసేపు పట్టుకోబట్టే నాకూ తెలిసింది. ఆయన అరచేయి కూడా నాదంత మెత్తగా ఉంది.

"సార్, మన వర్క్‌షాపు?" అన్నాను.

"ఇనుము రాక రెండేండ్లాయప్పా. ఆకురాయి ఎట్ల పట్టాల్నో బోర్డు మీద సుద్దతో గీసి చూపిస్తాండా."