తడి అచ్చు

యిర్మియా గోదావరిఖనిలో ఒక సేటు ఫౌండ్రీలో గనిలో బొగ్గు మోసే టబ్బులకు ఇనుప చక్రాలు పోసేవాడు. కరిగిన ఇనుము పోసే ముందు ఇసుక అచ్చుకు చెంప ఆనించి తడి చూసేవాడు. అందుకే అతని ఎడమ చెంప ఎప్పుడూ మసిగా ఉండేది. అచ్చులో తడి ఉంటే ఆవిరి పుట్టి ఇనుము లోపల బుడగ మిగిలిపోతుంది. పైకి మాత్రం చక్రం నున్నగానే కనబడుతుంది. పందొమ్మిది వందల అరవై తొమ్మిది ముసురులో ఒకరోజు, "అచ్చు ఆరలే సేటూ, రేపు పోద్దాం" అన్నాడు. "నువ్వు చెంపలు రాసుకుంట కూసుంటె బొగ్గుబావి ఆగుతదా? ఇనుం పొయ్!" అని కసిరాడు సేటు. యిర్మియా పోశాడు.

నెల తిరగకముందే బావిలో ఆ చక్రం పగిలి, టబ్బు మీదపడి, దాన్ని తోసే కార్మికుడు మొగిలి చనిపోయాడు. మొగిలి అజాగ్రత్తే కారణమని విచారణలో తేల్చారు. యిర్మియా పగిలిన ముక్కను తీసుకెళ్లి మొగిలి భార్య పూలమ్మ ముందు పెట్టాడు. "నీ పెనిమిటి తప్పు గాదు చెల్లె. తడి అచ్చుల పోసింది నేనే. రేపు యూనియన్ల గిదే చెప్త. నా పని పోతె పోనీ." పూలమ్మ ఆ బుడగలో చిటికెనవేలు పెట్టి చూసింది. గోరు వరకే పట్టింది.

"గింతంత బొక్కనా అన్నా," అంది, "గంత మనిషిని మింగింది?"