చెలమ నీళ్ళ కుండ

ఉదయగిరి నుంచి దుత్తలూరు పోయే దారిలోని ఒక మెట్టపల్లెలో చెంచులక్ష్మి పుట్టింది. ఆ ఊళ్ళో ఎవరు నోరు తెరిచినా గోధుమరంగు చారల పళ్ళే. తెల్లటి పళ్ళు కనిపించాయంటే ఆ మనిషి పైఊరి నుంచి వచ్చిన కోడలో అల్లుడో అయివుండాలి. పళ్ళంటే అలాగే ఉంటాయనుకుని బతికారు జనం.

ఆత్మకూరు కాపురానికి పోయాకే ఆమెకు అది వింత అని తెలిసింది. పొగాకు నమిలే కొంప నుంచి పిల్లను తెచ్చుకున్నామని అత్త వరలక్ష్మమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేది. చెంచులక్ష్మి చిగుళ్ళు నెత్తురు కారేదాకా ఇటుకపొడితో తోమింది. చారలు పోలేదు. మాట్లాడేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మాత్రం అలవాటైంది.

కొడుకు కొండలయ్య పుట్టినప్పుడు ఆస్పత్రిలో డాక్టరు ఆ కొంగు తీయించి చూశాడు. అది మురికీ కాదు, పొగాకూ కాదు, మీ ఊరి బావినీళ్ళు అన్నాడు. పసితనంలో చిగుళ్ళ కింద పన్ను తయారయ్యేటప్పుడే ఆ చార పడుతుందట, తరువాత ఎంత తోమినా పోదట. సర్కారు మనుషులు వచ్చి ఆ పల్లెల్లో పిల్లలను వరసగా నిలబెట్టి నోళ్ళు చూసి, ఎందరికి ఉందో రాసుకుపోయారట. రాసుకుపోయినవాళ్ళు బావి మార్చలేదు.

"ఏడేళ్ళు నిండేదాకా బిడ్డకు ఆ నీళ్ళు పట్టవద్దమ్మా" అన్నాడు డాక్టరు.

బిడ్డకు రెండేళ్ళయినా నిండకముందే మొగుడు విషజ్వరంతో పోయాడు. అత్త ఇద్దరినీ పుట్టింటికి పంపేసింది. బడి వయసు వచ్చాక పిల్లవాణ్ణి మాత్రం పిలిపించుకుంటామంది. ఈ ఒక్క నోరైనా తెల్లగా ఆ గడప తొక్కాలి. చెంచులక్ష్మికి ఇంకో కోరిక మిగల్లేదు.

ఊరి బావి ఆమె తాత తవ్వించింది. ఏ కరువుకూ ఎండలేదని ఇంటిల్లిపాదికీ గొప్ప. దాన్ని కాదని ఆమె తెల్లవారుతూనే పొలాలు దాటి వాగుకు పోయేది. ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీళ్ళు తెచ్చి కొడుక్కు వేరే కుండలో పోసేది.

"మీ తాత బావినీళ్ళు తాగి మేమంతా చచ్చినామా ఏంది?" అని తల్లి ఓబులమ్మ మూతి ముడిచింది.

కుండ నింపి చెంచులక్ష్మి కూలికి పోయేది. సాయంత్రానికి కుండ సగం ఉండేది. చెలమ అడుగంటి కుండ నిండని ఎండాకాలంలోనూ సగం ఉండేది. అలిసిపోయి వచ్చిన మనిషికి అనుమానం రాలేదు.

పాలపళ్ళు ఊడి కొండలయ్యకు ముందుపళ్ళు వచ్చాయి. సున్నం పూసినట్టు పాలిపోయి, నడుమ గోధుమరంగు చార.

ఓబులమ్మ మనవడి గడ్డం పట్టుకుని మురిసిపోయింది. "ఇప్పుడు మన ఇంటి బిడ్డ మాదిరి ఉండాడు."

చెంచులక్ష్మి కుండ వైపు చూసింది. తల్లి దాచలేదు.

"నీ పాట్లు చూడలేక నేనే బావినీళ్ళు పోసి పెడతా వచ్చినాను. ఇన్నేళ్ళూ వాడికి ఒక్క రోగం రాలేదు గదా."



ఆత్మకూరు నుంచి బండి వచ్చిన ఉదయం కొడుక్కు తల దువ్వుతూ చెప్పింది. "అక్కడ నవ్వేటప్పుడు నోరు కనపడనీకు నాయనా."

"ఎందుకు మా? మనూళ్ళో ఎవురూ మూసుకోరు గదా, నువ్వు తప్ప."

ఆమె వాడి చెయ్యి పట్టుకుని వాడి నోటికే అడ్డం పెట్టి, ఎట్లాగో చూపించింది.