విరిగిన సూది మొన

మాణిక్యం చేయి జీన్స్ ప్యాంట్లు కుట్టి కుట్టి కాయలు కాసిన చేయి. బళ్లారిలో ఆమె పనిచేసిన జీన్స్ ఫ్యాక్టరీ మూతపడేదాకా సూది విరగడం ఆమెకొక లెక్కే కాదు. తుంట ఊడబీకి పారేయ్, కొత్తది బిగించు, కుట్టు! ఆగినావంటే మేస్త్రీ నోటికి హద్దూపద్దూ ఉండదు మరి.

ఇప్పుడు కుట్టేది పారాచూట్ పట్టీలు. సైన్యానికి సరుకిచ్చే కంపెనీ ఒకటి, పని పోయిన ఆడోళ్లకు కొత్త పని నేర్పి ఆ పొద్దు కడపటి పరీక్ష పెట్టింది. గెలిస్తే పర్మనెంట్ ఉద్యోగం. సొంతూరు మోకలో మంచం పట్టిన మొగుడు, చదువుకునే కూతురు, సంపాదించే చేయి ఇదొక్కటే. పొద్దున బస్సులో వస్తా వస్తా ఆమె మొక్కని దేవుడు లేడు.

పరీక్ష సగంలో సూది పుటుక్కుమనింది. చేయి దాని పాటికది కొత్త సూది బిగించేసింది. జానెడు కుట్టినాక గానీ మాణిక్యానికి గుర్తు రాలేదు. సూది విరిగితే ముక్కలన్నీ దొరికేదాకా ఎవరి మిషనూ కదలకూడదు. ఈడ నేర్పిన మొట్టమొదటి పాఠమే అది. తుంట ఒళ్లో ఉండాది. మొన లేదు.

ఒళ్లో, మిషన్ చుట్టూ తడిమి చూసింది. పక్క మిషన్ మీద భుజంపట్టీకి మెత్త కుడతాండే కుర్రపిల్ల అనూష అంతా చూసింది.

"గమ్మునుండత్తా," అని గొణిగింది. "ఇంత మొన! యాడో నేల మీద పడింటాది. చెప్తే అందరి పరీక్షా ఆగుతాది. నిన్ను పచ్చిగా నమిలేస్తారు చూడు."

ఆ పిల్ల మాటలో అబద్ధం లేదు. మాణిక్యం ఇంకొన్ని కుట్లు వేసింది. మొన పట్టీలో ఉండిపోతే? లోపల్లోపలే దారాలు కోస్తాంటే? ఆకాశంలో దాన్ని నమ్ముకొని వేలాడేవాడు ఏ తల్లి కన్న బిడ్డో! కాలు మిషన్ మీద ఆడనంటే ఆడనంది.

"మేడమ్! మిషన్లు ఆపండి. నా సూది విరిగింది, మొన కనపడలే."

హాలంతా గొణుగుడు. "ఈయమ్మకు ఇప్పుడే విరగాలా!" అనిందెవరో. నేర్పించే చంద్రిక మేడమ్ పరుగున వచ్చింది. నేలంతా అయస్కాంతం తిప్పినారు. మాణిక్యం పట్టీ కుట్టుకుట్టూ విప్పినారు. లేదు. చంద్రిక చుట్టుపక్కల మెత్తలు తీసుకొని ఒక్కొక్కటీ వేళ్లతో పిసకబట్టింది. అనూష అప్పుడే కుట్టి ముగించిన మెత్త దగ్గర "స్స్" అని చేయి లాక్కుంది. వేలి మీద రక్తం. ఎగిరిపోయిన మొన అనూష మెత్తలో పడి, కుట్టు లోపల చిక్కుకొనింది.

అనూష మొహం పాలిపోయింది.

"చెప్పి మంచిపని చేసినావు మాణిక్యమ్మా," అనింది చంద్రిక. "కానీ ముందు సూది మార్చి కుట్టినావు. నిన్ను పాస్ చేయలేను. వచ్చే బ్యాచ్‌లో మళ్లీ మొదటి నుంచి నేర్చుకో. అనూషా, నీ తప్పు లేదు, కొత్త మెత్త తీసుకో."

మాణిక్యానికి ఏడుపు తన్నుకొచ్చింది. నోరు మూసుకొనుంటే ఉద్యోగం చేతికొచ్చేది కదా దేవుడా!

అనూష మెత్త తీసుకోలేదు. "చెప్పొద్దని అడ్డం పడింది నేనే మేడమ్. నన్నూ వచ్చే బ్యాచ్‌లో రాసుకోండి."

"నీకేమన్నా పిచ్చా మే!" మాణిక్యం కండ్లు తుడుచుకుంటా అరిచింది. "పాసయ్యేదానివి!"

"మొనను లోపల పెట్టి కుట్టింది నా చేయే కదత్తా," అనింది అనూష.